ఫెర్రీలో చిన్న దీవికి ఒక్కరోజు ప్రయాణం: తిరుగు పడవ నుంచి మొదలయ్యే ప్లాన్

రేవుకు ఇంకా రెండు వందల అడుగుల దూరంలో ఉండగానే, కళాసీ గుంజకు చుట్టిన తడి మోకు విప్పుతూ కనిపించాడు. పరుగెత్తాను, చెయ్యి ఊపాను, కేక వేశాను. ఇంజను చప్పుడులో ఆయనకు వినపడలేదు. ఎక్కే చెక్కను లోపలికి లాగేశారు. పడవకీ రేవుకీ మధ్య నీళ్లు మొదట జానెడు, తర్వాత బారెడు, చూస్తుండగానే దాటలేనంత అయ్యాయి. ఆ రోజుకు అదే ఆఖరి పడవ. నా చేతిలో ఉన్న కాగితం ప్రకారం ఇంకా ఇరవై నిమిషాల టైముంది. కానీ ఆ కాగితం మామూలు రోజులది, మేం వెళ్లింది ఆదివారం. వెనకాల మా అమ్మ మెల్లగా నడిచి వస్తోంది. ఆవిడ రాత్రి వేసుకోవాల్సిన బీపీ మాత్రలు అవతలి ఒడ్డున, కారులో ఉన్నాయి.

ఆ రాత్రి గడిచింది, అమ్మకు ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి దీవి ప్రయాణం ఏదైనా సరే తిరుగు పడవ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తున్నాను. మామూలు ఊరికైతే ఎలా వెళ్లాలో చూసుకుంటాం, రావడం ఎలాగోలా జరిగిపోతుంది. చిన్న దీవి దగ్గర ఆ 'ఎలాగోలా' ఉండదు. ఆటో దొరకదు, లేటుగా వచ్చే బస్సూ ఉండదు. మధ్యలో ఉన్నది సముద్రం.

మొదటి పని: తిరుగు పడవ ఖాయం చేసుకోవడం

టైం టేబుల్‌ను పైపైన చూసి వదిలేయకండి, వేలు పెట్టి చదవండి. ఫెర్రీ టైం టేబుల్‌లో అసలు సంగతులు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఈ పడవ ఫలానా నెలల్లోనే నడుస్తుంది, ఇది సెలవు రోజుల్లో ఉండదు, ఇది పోటు ఉన్నప్పుడు మాత్రమే, ఇది ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే. మీరు వెళ్లే తేదీ, వారం, సీజన్ మూడూ కలిసిన వరస ఏదో చూసి, దాన్ని ఒక కాగితం మీద మీ చేతితో రాసుకోండి. ఫోన్లో ఫొటో కూడా తీసుకోండి.

తర్వాత నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టండి, అవసరమైతే ఫోన్ చేసి అడగండి. రాసి ఉన్నది పడవ కదిలే టైమా, ఎక్కడం ఆపేసే టైమా? చాలా చోట్ల కదలడానికి ఐదు పది నిమిషాల ముందే ఎక్కడం ఆపేస్తారు. రెండోది, తిరుగు టికెట్ ఉంటే ఆ పడవలో సీటు ఖాయమా, లేక ముందు వచ్చినవాళ్లకు ముందా? మూడోది, దిగిన రేవులోనే మళ్లీ ఎక్కాలా? చిన్న దీవుల్లో కూడా గాలిని బట్టి, నీటి మట్టాన్ని బట్టి రేవు మారుస్తారు. నాలుగోది, పడవ రద్దయితే ఆ కబురు ఎక్కడ తెలుస్తుంది?

ఇక నా గట్టి మాట: ఆఖరి పడవకు ప్లాన్ చేయకండి, దాని ముందు పడవకు చేయండి. ఆఖరిది మీకు బీమా లాంటిది. సాయంత్రం గాలి పెరిగితే మొదట రద్దయ్యేది తరచుగా అదే. పైగా దీవిలో ఉన్నవాళ్లంతా దానికే వస్తారు కాబట్టి బాగా నిండేదీ అదే. తిరిగి రావడానికి రోజుకు ఒక్క పడవే ఉంటే మాత్రం, ముప్పావుగంట ముందే రేవు కనిపించే దూరంలో ఉండండి. ఆ ముప్పావుగంట దీవిని చూడటానికి దక్కదని బాధపడొద్దు, రేవు దగ్గర కూర్చోవడమూ దీవిని చూడటమే.

వెనక్కి లెక్క

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూపిస్తాను. పొద్దున 9 గంటలకు పడవ, ప్రయాణం 50 నిమిషాలు. తిరుగు పడవలు 4 గంటలకు ఒకటి, 5:30కి ఆఖరిది. మనం 4 గంటల పడవ పట్టుకున్నాం. అంటే 3:30కి రేవులో ఉండాలి. దీవిలో దిగి, దారి చూసుకుని, నడక మొదలుపెట్టేసరికి 10. మధ్యలో ఐదున్నర గంటలు. భోజనానికి ముప్పావుగంట, బాత్రూములకు, ఊరికే కూర్చోవడానికి మరో ముప్పావుగంట తీసేయండి. అనుకోని ఆలస్యానికి అరగంట పక్కన పెట్టండి. మిగిలింది మూడున్నర గంటలు. నడవడానికి నిజంగా ఉన్న టైం అంతే.

ఈ మూడున్నర గంటల్లో ఎంత దూరం పోవచ్చు? స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 8 కిలోమీటర్ల దారి, 150 మీటర్ల ఎక్కుడు అయితే 96 నిమిషాలకు 15 కలిపి 111 నిమిషాలు. కానీ ఇది గట్టిగా నడిచేవాళ్ల లెక్క. పిల్లలు, పెద్దవాళ్లు, ఫొటోల కోసం ఆగేవాళ్లు ఉంటే దాన్ని ఒకటిన్నరతో గుణించండి. సుమారు రెండు గంటల ముప్పావు వస్తుంది. మన మూడున్నర గంటల్లో హాయిగా సరిపోతుంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషి వేగమే గుంపు వేగం. ఈ ముక్క నేను అమ్మతో వెళ్లిన రోజు మర్చిపోయాను.

చివరగా 'వెనుదిరిగే టైం' ఒకటి పెట్టుకుని అలారం మోగేలా చేయండి. పై ఉదాహరణలో అది పన్నెండూ ముప్పావు, అంటే 10కీ 3:30కీ సరిగ్గా నడుమ. ఆ టైంకి లైట్‌హౌస్ ఇంకో పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. వీలైతే దూరంగా ఉన్నవి మొదట చూసేసి, రేవు దగ్గరివి మధ్యాహ్నానికి ఉంచుకోండి. అప్పుడు రోజు గడిచేకొద్దీ మీరు పడవకు దగ్గరవుతూ ఉంటారు, టెన్షన్ తగ్గుతుంది.

ఆటుపోట్లు

ఒడ్డున చూసేవాళ్లకు ఆటుపోట్లు చూడముచ్చట, దీవికి వెళ్లేవాళ్లకు మాత్రం అవి గడియారం. ఎక్కువ తీరాల్లో ఒక పోటు నుంచి ఇంకో పోటుకు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఏ రోజుకారోజు పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న వెళ్లొచ్చిన వాళ్లు చెప్పిన టైం ఈరోజుకు పనికిరాదు. కొన్ని సముద్రాల్లో రోజుకు ఒక్క పోటే వస్తుంది, కొన్నిచోట్ల మట్టం మారినట్టే తెలియదు. కాబట్టి మీరు వెళ్లే తీరం పట్టికే చూడాలి. ఎండాకాలంలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల్లో పట్టికలో ఆ గంట కలిపారో లేదో కూడా చూసుకోవాలి.

అమావాస్య, పౌర్ణమి వచ్చిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కువ, ఆటు బాగా తక్కువ. అష్టమి రోజుల చుట్టూ తేడా తగ్గుతుంది. ఇది తెలుసుకుంటే రెండు చోట్ల పనికొస్తుంది. మొదటిది రేవు. నీరు బాగా తగ్గినప్పుడు పడవ కిందికి దిగిపోతుంది, ఎక్కే చెక్క నిట్టనిలువుగా తయారవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చంటిపిల్లను ఎత్తుకున్నవాళ్లకు అదే రోజంతటిలో కష్టమైన ఘట్టం. చక్రాల కుర్చీ అవసరమైతే ఏ పడవ టైంకి చెక్క చదునుగా ఉంటుందో ఫెర్రీ వాళ్లనే అడగండి.

రెండోది నడక దారి. దీవి చుట్టూ ఇసుక మీద నడవాలనుకున్నా, ఆటులో బయటపడే మట్టికట్ట మీదుగా పక్కనున్న బుల్లి దీవికి పోవాలనుకున్నా పోటు టైం తెలియకుండా కదలకండి. నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలనుకుంటే మొదటి గంటలో పెరగాల్సిన ఎత్తులో పన్నెండో వంతు పెరుగుతుంది, రెండో గంటలో రెండు వంతులు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత రెండు, ఒకటి. మధ్య రెండు గంటల్లోనే సగం పెరుగుదల జరిగిపోతుందన్నమాట. ఆరు మీటర్ల తేడా ఉన్న తీరంలో మొదటి గంటలో అర మీటరే పెరుగుతుంది. అది చూసి 'మెల్లగానే వస్తోంది' అనుకుంటారు. మూడో గంటలో మీటరున్నర వచ్చేస్తుంది. జనం చిక్కుకునేది ఇక్కడే. నీరు ఇంకా తగ్గుతుండగానే వెళ్లండి, పెరగడం మొదలవకముందే తిరిగి వచ్చేయండి.

గాలి, అలలు

వాన కంటే గాలిని చూడండి. వానలో పడవలు నడుస్తాయి, గాలికి ఆగిపోతాయి. సముద్ర వాతావరణ సూచనల్లో గాలిని బ్యూఫోర్ట్ స్కేల్‌లో చెబుతుంటారు. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నావికాదళ అధికారి 1805లో రూపొందించిన కొలమానం అది. 4 అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు, సముద్రం మీద తెల్లటి నురగ తలలు చాలా కనిపిస్తాయి. 5 అంటే 29 నుంచి 38, తుంపరలు మొదలవుతాయి. 6 అంటే 39 నుంచి 49. చిన్న పడవలో సరదా ప్రయాణానికి నేను 4 దగ్గరే ఆగిపోతాను. 5 ఉంటే అలవాటున్న పెద్దవాళ్లు మాత్రమే. 6 అని ఉంటే పడవ నడుపుతామన్నా నేను ఎక్కను.

అలల ఎత్తు ఒక మీటరు అని ఉంటే ప్రతి అలా ఒక మీటరే అని కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు వేస్తారు. మధ్యమధ్యలో దానికి రెట్టింపు అల రావచ్చు. ఇంకో సంగతి, గాలి లేకపోయినా అలలు ఉండొచ్చు. ఎక్కడో దూరాన లేచిన తుఫాను అలలు రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా పడవ రేవుకు ఆనించలేక రద్దు చేసేది అందుకే. 'ఎండ కాస్తోంది కదా, ఎందుకు ఆపారు' అని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లను చూశాను. ఆ నిర్ణయం సరంగుది. దాన్ని గౌరవించండి.

ఎండ బాగా కాసే రోజుల్లో నేల వేడెక్కి, మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మూడింటికి గరుకుగా మారడం మామూలే. నీటి ప్రవాహం ఒకవైపు, గాలి దానికి ఎదురు అయితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, కుదుపు ఇంకా ఎక్కువ. వెళ్లేటప్పుడు హాయిగా ఉందని తిరుగు ప్రయాణమూ అలాగే ఉంటుందనుకోవద్దు. సూచన ముందురోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. తిరుగు పడవ గంటకు గాలి ఎంతో ప్రత్యేకంగా చూడండి.

కడుపులో తిప్పడం

లోపలి చెవి 'కదులుతున్నాం' అంటుంది, ఎదుటి సీటును చూస్తున్న కళ్లు 'లేదు, కదలకుండా ఉన్నాం' అంటాయి. ఆ తగువులోంచి వచ్చేదే వికారం. కాబట్టి కళ్లకు కూడా కదలిక కనిపించేలా చేయాలి. పడవ మధ్యలో, గాలి తగిలే చోట కూర్చుని, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడండి. పడవ ముందు భాగంలో కుదుపు ఎక్కువ, వెనక ఇంజను పొగ వాసన. ఫోన్ చూడొద్దు, పుస్తకం తీయొద్దు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, నిండుగా తిని వెళ్లొద్దు.

మాత్ర వేసుకునేవాళ్లు పడవ కదలడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలవదు. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజీన్ లాంటివి మత్తు తెస్తాయి, దిగాక కారు నడిపే మనిషి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గర్భిణులు, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) లేదా ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ముందుగా డాక్టర్ని అడగాలి. తిరుగు ప్రయాణానికి కూడా మాత్ర మిగిల్చుకోండి.

సంచిలో ఏముండాలి

అన్నిటికంటే ముందు నీళ్లు. చిన్న దీవుల్లో మంచినీళ్లు ఎంత సున్నితమైనవో తెలిస్తే అక్కడి కుళాయి తిప్పడానికి మనసొప్పదు. ఇసుక, సున్నపురాయి దీవుల్లో నేలలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద ఒక పొరలా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఆ నీరు ఒక మీటరు ఉంటే కింద సుమారు 40 మీటర్లు ఉంటుందని లెక్క. పైనుంచి ఎక్కువ తోడేస్తే కింది ఉప్పునీరు అంతకంతా పైకి వస్తుంది. బావి ఉప్పుబారితే మళ్లీ బాగుపడటానికి చాలా కాలం పడుతుంది. మనిషికి రెండు, ఎండైతే మూడు లీటర్లు ఒడ్డునుంచే మోసుకెళ్లండి.

మందులు ఒకరోజువి కాదు, రెండు రోజులవి, మీ ఒంటి మీదున్న సంచిలోనే. ఇది మా అమ్మ విషయంలో నేర్చుకున్న పాఠం, అందుకే గట్టిగా చెబుతున్నాను.

గాలి ఆపే పల్చటి కోటు ఎంత ఎండలోనైనా పెట్టుకోండి. పదిహేను నాట్ల వేగంతో పోయే పడవ అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. గాలి లేని రోజున కూడా డెక్ మీద ఆ వేగంతో గాలి ఒంటికి కొడుతూనే ఉంటుంది, తడిసి ఉంటే వణుకు పుడుతుంది. టోపీకి తాడు ఉండాలి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి. ఎండ పైనుంచే కాదు, పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతం, సముద్రపు నురగ సుమారు 25 శాతం వెనక్కి కొడతాయి. గడ్డం కింద, ముక్కు అడుగున కమిలేది అందుకే.

జారని అడుగున్న బూట్లు, టార్చి, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, చెత్త తెచ్చుకోవడానికి ఖాళీ సంచి, కార్డు పనిచేయకపోతే కావాల్సినంత నగదు. ఫోన్‌కి పవర్ బ్యాంక్. సిగ్నల్ అందనిచోట ఫోన్ టవర్ల కోసం వెతుకుతూ ఛార్జి తాగేస్తుంది. ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్‌కు ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు. సరిహద్దు దగ్గరి దీవుల్లో ఫోన్ అవతలి దేశపు టవర్ పట్టుకుని టైం మార్చేస్తుంది. చేతి గడియారం ఒకటి ఉంటే తిరుగు పడవ విషయంలో ఏ అనుమానం ఉండదు.

పడవ ఎక్కాక

కూర్చోగానే రెండు నిమిషాలు పని చేయండి. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి, బయటికి దారి ఎటు, ఎంతమందికి అనుమతో రాసిన బోర్డు ఎక్కడ? పెద్ద ఓడల పక్కన కనిపించే బరువు గీత (ఎంతవరకు బరువు ఎక్కించవచ్చో చూపే గుర్తు) వెనక శామ్యూల్ ప్లిమ్సోల్ అనే ఎంపీ చేసిన పోరాటం ఉంది. 1876లో బ్రిటన్ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. మితిమీరి ఎక్కించిన ఓడలు మునిగి నావికులు చచ్చిపోతుంటే చూడలేక ఆయన పట్టుబట్టారు. చిన్న పడవకు ఆ గీత లేకపోవచ్చు, కానీ రాసి ఉన్న సంఖ్యకు మించి మనుషులు ఎక్కుతుంటే దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోయాయి.

పిల్లలకు పిల్లల సైజు జాకెట్టే కావాలి. వదులుగా ఉన్నది నీళ్లలో తల మీదుగా జారిపోతుంది, పట్టీలన్నీ బిగించాలి. డాల్ఫిన్లు కనిపించాయని అందరూ ఒక్క పక్కకు పరుగెత్తడం చిన్న పడవలకు చాలా ప్రమాదం. పెద్ద ఫెర్రీల్లో ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడవైన కూత వినపడితే అది ప్రమాద హెచ్చరిక. సామాను వదిలేసి, సిబ్బంది చెప్పిన చోట చేరండి.

దీవిలో

దిగగానే రేవు దగ్గరి బోర్డుతో మీ కాగితాన్ని సరిచూసుకోండి. ఆ పక్కనే కళాసీ కనిపిస్తే, "నాలుగు గంటల పడవ ఇక్కడికేనా అండీ?" అని ఒక్క మాట అడగండి. ఆ రోజు నేను ఆ మాట అడగలేదు.

దారి దాటి గడ్డిలోకి, రాళ్లలోకి పోకండి. దీవుల్లో పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి, వాటి రంగు ఇసుకలో కలిసిపోతుంది. మనం దగ్గరికి పోతే తల్లి ఎగిరిపోతుంది, కాసేపట్లో ఎండకు గుడ్డు మాడిపోవచ్చు, లేదా ఇంకో పక్షి ఎత్తుకుపోవచ్చు. తల మీద తిరుగుతూ అరుస్తున్న పక్షి 'ఇటు రావద్దు' అని చెబుతోంది. బయల్దేరే ముందే బూట్లకంటిన మట్టి, గింజలు దులిపేసుకోండి. తిండి సంచులు ఎలుకలు చొరబడకుండా గట్టిగా మూసి తీసుకెళ్లండి. బయటి నుంచి ఓడల్లో చేరిన ఎలుకల వల్ల దీవి పక్షులు తుడిచిపెట్టుకుపోయిన చోట్లు లోకంలో చాలా ఉన్నాయి.

ఈతకు దిగేముందు అక్కడివాళ్లను అడగండి. ప్రవాహం లోపలికి లాగితే దానికి ఎదురు ఈదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడండి. బాటిళ్లు, తొక్కలు అన్నీ మీతోనే వెనక్కి రావాలి. దీవిలో పడేసిన ప్రతి చెత్తనూ ఎవరో ఒకరు పడవకెత్తాల్సిందే.

పడవ తప్పిపోతే

మొదట ఫెర్రీ వాళ్లకు ఫోన్ చేయండి, ఒక్కోసారి సామాను పడవో, అదనపు ట్రిప్పో ఉంటుంది. లేకపోతే వెలుతురు ఉండగానే రాత్రికి చోటు చూసుకోండి. ముందే ఆ దీవిలో బస ఉన్న ఒక నంబరు రాసిపెట్టుకుని ఉంటే ఇక్కడ అక్కరకొస్తుంది. లైసెన్సు లేని చిన్న పడవవాడు చీకట్లో దాటిస్తానంటే ఎంత అత్యవసరమనిపించినా ఎక్కకండి. నిజంగా ప్రాణం మీదికి వస్తే తీర రక్షక దళానికి చెప్పాలి.

ఇదంతా బయల్దేరే ముందు ఒడ్డున ఉన్న ఒకరికి తెలియాలి: ఏ దీవి, ఏ పడవ, ఎన్నింటికి తిరిగి వస్తాం, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే కంగారుపడాలి. మీరు తిరిగి ఒడ్డున దిగగానే, ఇంకా కాళ్లు ఊగుతున్నట్టే ఉండగానే, వాళ్లకు ఫోన్ చేసి "వచ్చేశాం" అని చెప్పండి. ఆ ఫోన్ మర్చిపోతే, మీరు ఇంట్లో భోంచేస్తున్న టైంలో మీకోసం ఎవరో సముద్రంలో వెతుకుతుంటారు.